చెప్పుల పక్కన మేజా

సమాచార శాస్త్రం పరిధి ఎంత, అందులో పరిశోధించడానికి ఇంకా ఏం మిగిలింది అని నన్ను అడిగిన విద్యార్థులు చాలామంది. తర్వాతి కాలంలో ఆ పాఠమే చెప్పి బతికాను కాబట్టి అడగడంలో వాళ్ల తప్పేమీ లేదు. పాఠ్యపుస్తకంలో ఉన్న నిర్వచనం చెబుతానని కలాలు పట్టుకుని కూచునేవాళ్లు. నేను మాత్రం జమ్మలమడుగులో గ్రంథాలయం నడిచిన ఒక అద్దె ఇంటి వసారా, ఆ వసారా మెట్ల దగ్గర విడిచిన చెప్పులు, అక్కడి నుంచి మొదలుపెట్టేదాన్ని. కొందరు లోలోపల నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ. ఆ చెప్పుల దగ్గర నేను గెలిచిన గెలుపు వాళ్లెవరికీ దక్కలేదు.

ఆంధ్రరాష్ట్రం కాస్తా ఆంధ్రప్రదేశ్ అయిన కొత్త రోజులవి. మద్రాసులో గ్రంథాలయ శిక్షణ ముగించుకుని జమ్మలమడుగు శాఖా గ్రంథాలయంలో ఉద్యోగానికి చేరాను. మా ఇల్లు ప్రొద్దుటూరులో. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేదాన్ని. ఆడపిల్లకు అంతమంది మగవాళ్ల మధ్య ఉద్యోగమేమిటని మా వీధిలో గుసగుసలు పోయారు. మా నాయన మాత్రం, "దాని నోటికి ఎదురు నిలిచే మొగోడు జమ్మలమడుగులో ఉంటే చూపించండి" అన్నాడు. అది మెప్పో దెప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

చేరిన కొత్తలో నా ఊపు చూడాలి. పుస్తకాలన్నీ దించి, దుమ్ము దులిపి, శిక్షణలో నేర్పినట్టు అంశాల వారీగా సర్దాను. ప్రతి పుస్తకానికీ అంకె వేశాను, కార్డు రాశాను, కార్డులన్నీ అక్షర క్రమంలో సొరుగుల్లో పేర్చాను. లోపలి గదిలో చెక్క కటకటాల వెనక నా మేజా. దాని పైన ఒక బోర్డు: "సందేహములు ఇచ్చట అడుగవచ్చును."

ఒక్కరూ అడగలేదు. మగవాళ్లు వచ్చేవాళ్లు, పేపరు చదివేవాళ్లు, దాన్ని మడిచి పెట్టి "పోయొస్తాం మా" అని వెళ్లిపోయేవాళ్లు. నా బోర్డు కింద నేను ఒక్కదాన్నే కూచునేదాన్ని.

ఇంతలో కడప నుంచి తనిఖీకి అధికారి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన, నిర్ణయం గట్టి. రిజిస్టరులో, పుస్తకాలు ఇళ్లకు ఎన్ని పోయాయో రాసే గడి మీద వేలు పెట్టి ఆపేశాడు. "జనం తీసుకెళ్లడం లేదంటే జనానికి అక్కర్లేదనే కదమ్మా? వచ్చే తనిఖీకి కూడా ఇలాగే ఉంటే ఈ శాఖ ఎత్తేయమని రాయాల్సి వస్తుంది" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, నేను చెమటోడ్చి సర్దిన ఆ గదిని అక్కర్లేనిది అన్నందుకు.

తర్వాత ఒక మధ్యాహ్నం దాహమై వసారాలో కుండ దగ్గరకు వచ్చాను. పులివెందుల తట్టు రైతు ఒకాయన, భార్యను ఇక్కడి ఆస్పత్రిలో చేర్చి కొన్నాళ్లుగా రోజూ పేపరుకు వచ్చేవాడు. అప్పుడే చెప్పుల్లో కాళ్లు పెడుతూ మా జవానుతో మాట్లాడుతున్నాడు. జవాను పెద్ద వయసు సాయిబు, నేను మామా అని పిలిచేదాన్ని. రోజంతా మెట్ల దగ్గర స్టూలేసుకుని కూచోవడం ఆయన ఉద్యోగం.

"చీనీ చెట్లు శానా అవస్థ పడతాండాయప్పా. బోదెలోంచి బంక కారుతాంది, ఆకు పండి రాలిపోతాంది. ఏం చేయాలో దిక్కు తెలీడంల్యా."

"దానికేముందప్పా, చెట్టు మొదట్లో కిరసనాయిలు పొయ్యి" అన్నాడు మామ, చుట్ట వెలిగించుకుంటూ.

నేను చేతిలో చెంబు అక్కడే పెట్టేశాను. లోపల నేను పుస్తకాలకు కాపలా కాస్తున్నాను, బయట మా మామ వ్యవసాయశాఖ నడుపుతున్నాడు!

"కిరసనాయిలు పోస్తే చెట్టు చస్తుంది మామా! ఏమప్పా, ఇంతసేపూ లోపలే కూచోనుంటివి గదా, నన్నెందుకు అడగలే?"

రైతు సిగ్గుపడ్డాడు. "నీ పనిలో నువ్వుండావు మా. ఒక చెట్టు మాట కోసరం పనిగట్టుకోని నీకాడికి వచ్చేదేంది?"

అప్పుడు నాకు మా ఇల్లు గుర్తుకొచ్చింది. ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చిన చుట్టాలు గంటలు గంటలు కూచుంటారు. వానలు, ధరలు, ఎవరింట్లో ఎవరికి జ్వరం, అన్నీ అయిపోతాయి. లేచి, వాకిలి దాటి, చెప్పులేసుకునేటప్పుడు గానీ అసలు మాట బయటికి రాదు. సంబంధం సంగతైనా, కోర్టు తగాదా అయినా, ఒంట్లో దాచుకున్న రోగమైనా అంతే. వచ్చీరాగానే అడిగితే అవసరానికే వచ్చినట్టు ఉంటుందని మావాళ్లకు మొహమాటం. ఇది పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్ని, ఉద్యోగంలో చేరగానే బోర్డు రాసి కూచున్నాను.

ఆ రైతును ఆపి లోపలికి పరిగెత్తాను. చీనీ అన్న కార్డు నా సొరుగులో లేదు. తోటల పుస్తకం రాసినాయన కోస్తావాడు, మా చీనీకి అందులో పేరు బత్తాయి. పేజీ పట్టుకుని వసారాలోకి వచ్చి చదివి వినిపించాను: నీళ్లు బోదెకు తగలకుండా చుట్టూ మట్టి ఎగదోయాలి, బంక గీకేసి మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పూయాలి. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ చదవమన్నాడు. పుస్తకం తీసుకుపొమ్మంటే, "నాకెందుకు మా, నువ్వు చదివితివి, నాకు తెలిసె" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు నా మేజా లోపలి నుంచి వసారాలోకి వచ్చింది. సరిగ్గా చెప్పుల పక్కన. మామకు నచ్చలేదు.

"ఏంది మా ఇది? ఆఫీసరమ్మ చెప్పులకాడ కూచునేదేంది?"

"నువ్వు కూచోలేదా?"

"నేను జవానును మా."

"నేనూ జవానునే. ఆ బెంచీ ఇట్ల జరుపు."

అప్పటి నుంచి ప్రశ్నలు వరదగా వచ్చాయి. వేరుశనక్కాయకు పట్టిన తెగులు, బావిలో ఉప్పు తేలిన నీళ్లు, మగ్గం నూలుకు నిలవని రంగు, కువైట్ పోయే ఓడకు ఏ కాగితాలు కావాలని అడిగిన ఖాజీపేట కుర్రాడు, బిడ్డకు పాలు చాలడం లేదని గొంతు తగ్గించి అడిగిన తల్లి. ఒక్కొక్కదానికీ లోపలికి పోయి, పేజీ తెచ్చి చదివేదాన్ని. దొరకకపోతే దొరకలేదనే చెప్పి, తెప్పించడానికి రాసేదాన్ని. సొరుగుల్లో కొత్త కార్డులు పుట్టాయి. "చీనీ: బత్తాయి చూడుము" అని రాసిన కార్డు ముట్టుకుంటే నాకు ఇప్పటికీ మురిపెం. కొంతకాలానికి పులివెందుల దగ్గరి సింహాద్రిపురం నుంచి ఇద్దరు వచ్చి, "ఆయప్ప చెట్లు తిరుక్కున్యాయి, చిగురేసినాయి. పుస్తకాలమ్మంటే నువ్వేనా మా?" అన్నారు. ఆ పేరు నాకు పదవికన్నా ఎక్కువ.

పాఠం చెప్పే రోజుల్లో నేను పరిధి అని చెప్పింది ఇదే. మనిషికి తెలియనిది ఎప్పుడు నోటికి వస్తుంది, ఎవరి దగ్గర వస్తుంది, జవాబు ఒక ఊరి మాటలో ఉండి ప్రశ్న ఇంకో ఊరి మాటలో ఉంటే రెంటినీ కలిపేదెలా, పులివెందులలో చిగురేసిన చెట్టును జమ్మలమడుగు లెక్కలోకి తెచ్చేదెలా. ఈ ఆఖరిది అప్పుడు నా మెడ మీద కత్తిగా ఉండేది. ఎందుకంటే ఇంతమంది వచ్చి పోతున్నా పుస్తకం మాత్రం ఎవరూ ఇంటికి తీసుకుపోవడం లేదు. గడి అలాగే ఉంది.

మళ్లీ తనిఖీ వచ్చింది. జీపు దిగిన అధికారి వసారాలో నా మేజా చూసి ముఖం చిట్లించాడు.

"ఇదేమిటమ్మా, చెప్పుల మధ్య ఆఫీసా?"

చెప్పాను. చెట్ల సంగతి, రంగుల సంగతి, అన్నీ చెప్పాను. ఆయన బూట్లు విప్పి లోపలికి పోయి, అదే గడి మీద వేలు పెట్టాడు.

"ఇవన్నీ ముచ్చట్లమ్మా. పుస్తకం బయటికి పోతేనే వాడకం. నాకు ముచ్చట్లు రాసుకోవడానికి స్థలం లేదు."

"చెట్టు బతికింది సార్. అది ముచ్చటా?" నా గొంతు పెరిగింది. మామ తలుపు దగ్గర నుంచి తగ్గమని చేయి ఊపుతున్నాడు. నేను తగ్గలేదు.

ఆయన మాత్రం గొంతు పెంచలేదు. శాఖ సంగతి పైకి రాస్తానని, ముందు మేజా లోపలికి మార్పించమని చెప్పి లేచాడు. అయిపోయిందనుకున్నాను. కళ్లలో నీళ్లు ఆయనకు కనపడకూడదని చేతిలోని కార్డులు సర్దుతున్నట్టు నటిస్తూ వెనకాలే వసారాలోకి వచ్చాను.

ఆయన మెట్టు మీద కూచుని ఒక బూటు తొడిగాడు. రెండోది చేతిలోకి తీసుకుని ఆగాడు.

"అన్నట్టు... మా చిన్నమ్మాయి ఎడమచేత్తో రాస్తుందమ్మా. బళ్లో మాస్టారు వేళ్ల మీద కొడుతున్నారు. ఇంట్లో మా ఆవిడ ఆ చెయ్యి వెనక్కి కడుతోంది. మాన్పించకపోతే చదువు రాదంటారు. దాని మీద ఏమైనా పుస్తకం..."

మామ చుట్ట పక్కన పెట్టి, బెంచీని ఆయన వైపు జరిపాడు. "పైన కూచోండి సార్. ఈడ అందురూ ఇట్లే అడుగుతారు."

నేను పరిగెత్తానో నడిచానో గుర్తులేదు. పిల్లల పెంపకం పుస్తకంలో ఆ పేజీ తీసి ఆయన చేతిలో పెట్టాను. కొందరు పిల్లలకు అది పుట్టుకతో వచ్చే అలవాటని, బలవంతంగా మాన్పిస్తే మేలు కన్నా కీడే ఎక్కువని అందులో ఉంది. ఒక కాలికి బూటు, ఒక చేతిలో బూటు, అలాగే చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ముఖంలో అధికారి పోయి తండ్రి మిగిలాడు.

పుస్తకం మూసి నాకు తిరిగి ఇచ్చాడు.

"తీసుకెళ్లండి సార్."

"ఎందుకమ్మా, తెలిసింది కదా."

అప్పుడు అన్నాను. నా జన్మలో అంత నెమ్మదిగా మాట్లాడింది అప్పుడే.

"మరి దీన్ని లెక్కలో యాడ రాయమంటారు సార్?"

ఆయన నన్ను చూశాడు, చేతిలో బూటును చూశాడు, మేజాను చూశాడు. తర్వాత నవ్వాడు. మామ పకపకా నవ్వాడు, చుట్ట మెట్ల కిందికి దొర్లిపోయింది.

"పక్కన ఇంకో గడి గీయండమ్మా. అడిగి తెలుసుకున్నవారు అని రాయండి. మొదటి పేరు నాదే వెయ్యండి" అన్నాడు. బూటు తొడుక్కుని మెట్లు దిగి, జీపు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "మేజా కదిలించకండి" అన్నాడు.

ఆ సాయంత్రం బస్సులో ప్రొద్దుటూరు దాకా నిలబడే వచ్చాను. సీటు దొరకక కాదు, కూచోబుద్ధి కాలేదు.