ఏడో తరగతి గురువారం పీరియడ్

“గురువారం పీరియడ్ మళ్లీ పెట్నారంట గదా అవ్వా?”

“పెట్నారు పాపా. ఉండు, కూచోని పో.”

“యాడ కూచునేది? ఆటో నిలబడింది.”

మా బడి గేటు దగ్గర శిరీషా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివి. ఏడో తరగతి పిల్ల. చేతిలో టీసీ పట్టుకుని పులివెందుల వెళ్లిపోయింది. అక్కడి అరటితోటల్లో వాళ్లమ్మకు పని దొరికింది.

ఇది రెండేళ్ల కిందటి సంగతి. జమ్మలమడుగులో ఒక సర్కారు హైస్కూల్లో నేను ఆయాను. మా ఆయన పోయాక ఈ పనిలో చేరాను. ఊడ్చడం, తుడవడంతో పాటు లైబ్రరీ గది తాళంచెవి కూడా నా దగ్గరే. నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బోర్డుల మీద పెద్దక్షరాలు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుజాత ఇదంతా రాస్తోంది.

అప్పట్లో మా లైబ్రరీకి ఫిక్స్‌డ్ షెడ్యూలు. అంటే తరగతికి వారానికొక పీరియడ్. ఏడో తరగతికి గురువారం మధ్యాహ్నం. గంట కొట్టగానే పిల్లలు వరసగా వచ్చేవాళ్లు. శిరీష మాత్రం ఒకే పుస్తకం తీసుకుని, నేను దుమ్ము దులిపే బీరువా పక్కకు చేరేది. అట్ట ఊడిపోయిన పాత పుస్తకం, ఇంటికి ఇవ్వరు. తప్పిపోయిన గేదెను, మా మాటలో ఎనుమును, వెతుక్కుంటూ కొండలెక్కిన పిల్ల కథ. నాకు వినబడేటట్టు మెల్లగా చదివేది. వారమంతా నేను ఆ గంట కోసమే చూసేదాన్ని.

“దొరికిందా పాపా ఎనుము?”

“అంత తొందరేంది అవ్వా? నువ్వేమన్నా పాలు పిండల్లనా?”

ఎనుము ఇంకా దొరకలేదు, లైబ్రరీకి కొత్త మేడం వచ్చింది. ఫ్లెక్సిబుల్ షెడ్యూలు పెట్టింది. అంటే పీరియడ్లు తీసేసి గది రోజంతా తెరిచి ఉంచడం. ఇంటర్వెల్లోనో, అన్నం బెల్లప్పుడో, బడి వదిలాకనో ఎవరికి వీలైనప్పుడు వాళ్లు రావచ్చు. మంచి ఆలోచనే. అంతకుముందు శుక్రవారానికి పుస్తకం అయిపోయిన పిల్ల మళ్లీ గురువారం దాకా కాచుకోవాలి. లెక్కల సారు ఆ పీరియడ్ లాక్కున్నాడంటే ఆ వారం అదీ లేదు. ఇప్పుడు గది కళకళలాడింది. శిరీష మాత్రం రాలేదు.

ఒకరోజు కొళాయి దగ్గర ఆపాను.

“ఏం పాపా, దినామూ తెరిచే ఉంటాది గదా? రావేంది?”

“ఎప్పుడొచ్చేది అవ్వా? అన్నం బెల్లు కొడితే ఇంటికి పోయి మంచంలో ఉండే మా జేజికి తినిపించల్ల. సాయంత్రం మా యమ్మ వచ్చేలోగా నీళ్లు పట్టల్ల. ఇంటర్వెల్లో రెండు పేజీలు గూడా కావు. గురువారమైతే గంట కొట్టేది. అది బడి పని. ఎవురూ ఏమీ అనేటోళ్లు కాదు.”

ఆ మాట మనసులోంచి పోలేదు. మేడంతో చెప్పాను.

“ఆ అమ్మాయిని ఎవరూ రావద్దనలేదు కదా మరియమ్మక్కా?”

“వద్దన్లేదు మేడం. రమ్మని గూడా ఎవురూ అన్లేదు. గంట కొడితే రమ్మన్నట్టు.”

మేడం లేచి గోడ మీది టైంటేబుల్ చూసింది. గది తెరిచే ఉంచుతూ, తరగతికొక పీరియడ్ కూడా మళ్లీ పెడదామంది. అయితే టైంటేబుల్ మార్చాలంటే హాఫ్ ఇయర్లీ పరీక్షలు అయిపోవాలి. అయిపోయాయి, మార్చారు. ఈలోగా శిరీష వాళ్ల జేజి, మంచం పట్టిన ఆ నాయనమ్మ, పోయింది, ఇక్కడ కూలి పనులూ తగ్గాయి. కొత్త టైంటేబుల్ అంటించిన వారమే ఆ పిల్ల టీసీకి వచ్చింది.

మొదటి గురువారం తరగతంతా వచ్చింది. నేను ఆ బీరువానే తుడుస్తూ నిలబడ్డాను. మేడం గమనించినట్టుంది.

“మిగిలిన కథ నేను చదివి వినిపించనా అక్కా?”

“వద్దులే మేడం.”

ఎనుము దొరికిందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆ పిల్ల నోట వినాల్సిన మాట అది. ఆ కొత్త బడిలో లైబ్రరీ ఉందో లేదో, ఉంటే గంట కొట్టి పిలుస్తారో లేదో. పులివెందుల బస్సు కనబడితే కిటికీలన్నీ చూస్తాను.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. తలుపు తెరిచి పెడితే తీరిక ఉన్న పిల్లలు వస్తారు. తీరిక లేని పిల్లకు ఆ తీరిక కూడా మనమే ఇవ్వాలి.

సుజాతా, చాలు. రాసినంతా ఒకసారి చదువు, వింటాను. ఆ పిల్ల మాటలొచ్చిన చోట కొంచెం నిదానంగా చదువు.