వాటా అడిగిన మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను భద్రాచలంలో, నేను పాఠాలు చెప్పే బడిలో ఉన్నాను. ఊళ్ళో పక్కింటామె ఫోన్ చేసింది. "మీ అత్త ఇక లేదు బిడ్డా. మిరప చేలో కాయ ఏరుకుంట ఏరుకుంట గట్టు మీద కూసున్నది. దూపయితుంది, నీళ్ళియ్యి అన్నది. నేను చెంబు తెచ్చేలోపే ఒరిగిపోయింది" అని ఏడ్చింది. పెనుబల్లి దగ్గరున్న మా ఊరికి పోయే బస్సెక్కి కూర్చున్నాక కూడా నాకు ఏడుపు రాలేదు. కొత్తగూడెం దాటాక, ఈ మాట మా నాన్నకు ఎవరు చెప్పి ఉంటారా అనిపించింది. అప్పుడు వచ్చింది.

మా నాన్న ఆమెకు సొంత అన్న. ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో ఉన్నా ఇద్దరికీ మాటల్లేవు.

మా అత్తకు చిన్న వయసులోనే పెళ్ళయింది. పిల్లలు కలగలేదని మామ ఇంకో ఆమెను చేసుకున్నాడు. ఇద్దరు భార్యలూ కలిసి ఉండండని పెద్దలు చెప్పారు. అత్త ఒప్పుకోలేదు, పుట్టింటికి వచ్చేసింది. తాత ఉన్నన్నాళ్ళూ ఇంటి పనీ పొలం పనీ తనే చేసింది. తాత పోయిన తర్వాత, ఆడపిల్లకూ తండ్రి ఆస్తిలో వాటా ఉందని చట్టం చెబుతోందని రేడియోలో విన్నది. చాలా రోజులు ఎవరితోనూ అనలేదు. చివరికి పెద్దమనుషుల ముందే అడిగింది.

నేను అప్పుడు చిన్నదాన్ని. మా అమ్మ కొంగు పట్టుకుని మా ఇంటి అరుగు మీద నిలబడి చూశాను. అందరి మధ్యా నాన్న ముఖం ఎర్రబడింది.

"నీకు అన్నం పెట్టనన్ననా? చీర పెట్టనన్ననా? ఏం తక్కువ చేసిన నీకు?" అన్నాడు.

"ఏం తక్కువ చెయ్యలేదన్నా" అంది అత్త. "నువ్వు పెడతవు, నేను తింట. రేపు నువ్వు లేకుంటే నేనెవరి ఇంట్ల ఉండాలె? నాయన భూమిల నాకింత జాగ ఉంటే, నా కాళ్ళ మీద నేను నిలబడత."

ఒక పెద్దాయన, "తోడబుట్టినోడిని పంచాయితీకి ఈడ్చినవ్, రేపు పుట్టిల్లని ఏ మొఖంతో వస్తవ్?" అన్నాడు. అక్కడున్న ఆడవాళ్ళు కూడా ఆమెనే తిట్టారు. మా అమ్మ ఆ రోజంతా, "ఇట్ల అడిగితే ఏ అన్న మనల్ని గడప తొక్కనిస్తడు" అని భయపడుతూనే ఉంది.

నాన్న వాటా ఇచ్చాడు. అడవి వైపున్న మెట్ట చెలక ఇచ్చాడు. ఇచ్చి, "ఇయ్యాల్టి నుంచి నాకు చెల్లెలు లేదు" అన్నాడు. అన్న మాట మీద నిలబడ్డాడు. ఆ చెలకలో మళ్ళీ కాలు పెట్టలేదు.

చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని అత్త వ్యవసాయం చేసింది. రాళ్ళు ఏరింది, బావి తవ్వించింది. పంట అమ్మడానికి ఖమ్మం మార్కెట్ యార్డుకు తనే పోయేది. సెలవుల్లో నన్నూ తీసుకుపోయేది. నాన్న వద్దనలేదు, పొమ్మనీ అనలేదు. యార్డులో మిరప ఘాటుకు నాకు తుమ్ములు ఆగేవి కావు. ఒకసారి ఒక వ్యాపారి బస్తాలు చూసి, "మీ మగోళ్ళు ఏరమ్మా? రమ్మను, ధర మాట్లాడదాం" అన్నాడు. అత్త బస్తాలో చెయ్యి పెట్టి కాయలు తీసి అతని ముందు పట్టుకుంది. "పండిచ్చింది నేను. నాతోని మాట్లాడు" అంది. బేరం అయ్యాక నన్ను హోటల్‌కు తీసుకుపోయి బల్ల ముందు కూర్చోబెట్టింది. అందరూ మమ్మల్నే చూస్తున్నారని నేను తల వంచుకుంటే, "చాయ్ చల్లారుతుంది, తాగు బిడ్డా" అంది.

ఆమెకు కోపం ఉండేదేమో అనుకునేవాళ్ళు చాలామంది. నాకు మాత్రం బెంగే కనిపించేది. ఒకరోజు ఖమ్మం పోయే బస్సులో ఆమె కూర్చుని ఉండగా నాన్న ఎక్కాడట. ఆమె పక్క సీటొక్కటే ఖాళీ. నాన్న కూర్చోలేదు, ఖమ్మం దాకా నిలబడే వచ్చాడు. ఆ సంగతి చెబుతూ అత్త, "కాళ్ళు నొచ్చినయేమో అన్నకు. నేనన్నా లేచి ఉంటే బాగుండు" అంది.

కాలం గడిచింది. ఆ రోజు తిట్టిన ఆడవాళ్ళ కూతుళ్ళే ఒక్కొక్కరుగా ఆమె దగ్గరకు రావడం మొదలుపెట్టారు. "నువ్వెట్ల అడిగినవ్ అక్కా? మమ్మల్ని అడగమంటవా?" అనేవారు. అడగమని ఆమె ఎవరినీ ఎగదోయలేదు. "అడిగితే భూమి వస్తది. అన్న రాకపోవచ్చు. రెండూ చెప్తున్న, తర్వాత నీ ఇష్టం" అనేది. కొందరు అడిగారు, కొందరు వెనక్కి తగ్గారు. తగ్గినవాళ్ళను ఆమె ఎన్నడూ తక్కువ చేసి మాట్లాడలేదు.

నా పెళ్ళికి ముందు నాన్న నన్ను సత్తుపల్లి తీసుకుపోయి, తమ్ముడితో సమానంగా నా పేరున భూమి రిజిస్ట్రేషన్ చేయించాడు. నేను అడగలేదు. ఎందుకని అడిగితే, "నువ్వు అడిగేదాకా ఎందుకు" అన్నాడు, అంతే. నేను తిన్నగా అత్త దగ్గరికి పరుగెత్తాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆపేసింది.

"అన్న ఇచ్చిండా? తనంతట తనే?"

"అవ్ అత్తా."

"సంతకం పెట్టేటప్పుడు మొఖం ఎట్లున్నది?"

"మామూలుగనే ఉన్నది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. నాకు అడక్కుండానే దక్కినదాని కోసం ఆమె ఏమి పోగొట్టుకుందో నాకప్పుడే తెలిసింది.

నేను ఊరు చేరేసరికి నాన్న ఆమె ఇంట్లో ఉన్నాడు. ఎవరు చెప్పారో, ఎప్పుడు వచ్చాడో గానీ ఆమె కాళ్ళ దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కొరివి ఆయనే పెట్టాడు.

చిన్నకర్మ అయిన మర్నాడు పొద్దున, ఎవరూ పిలవకుండానే ఊళ్ళో ఆడవాళ్ళు అత్త చేనుకు వచ్చారు. పండిన కాయ చెట్ల మీదే ఎండిపోతోందని, తలా ఒక సాలు పట్టుకుని ఏరడం మొదలుపెట్టారు. నేనూ దిగాను. కాసేపటికి తలెత్తి చూస్తే గట్టు మీద నాన్న ఉన్నాడు. మా వైపు మిరప ఏరడం ఆడవాళ్ళ పని. పుట్టి బుద్ధెరిగి మగవాడు సాలులో వంగడం నేను చూడలేదు. నాన్న చెప్పులు గట్టు మీద విడిచి చేలోకి దిగాడు. ఆడవాళ్ళు పక్కకు జరిగి ఆయనకో సాలు వదిలారు. ఆయనకు చేయి తిరగడం లేదు. కాయతో పాటు కొమ్మ కూడా విరిగి వస్తోంది. సంచీ తెచ్చుకోలేదు కాబట్టి ఏరిన కాయలు తువ్వాల్లో వేసుకున్నాడు. తువ్వాలు నిండాక నడుము పట్టుకుని లేచి, అటూ ఇటూ చూసి, ఆ ఎర్రటి కాయలు ఎవరి చేతికివ్వాలో తెలియక చేను నడుమ అట్లాగే నిలబడిపోయాడు.