నీడలో చార్జింగ్ ఎక్కదు

మా ఆయన చాలా ఏళ్లు కువైట్‌లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి వచ్చేశారు. వచ్చాక అమలాపురంలోని మా ఇంట్లో కుదురుగా కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. బాగానే తిరుగుతున్న ఫ్యాన్లు విప్పేవారు. పొద్దున్న బిగించిన స్విచ్చి బోర్డు సాయంత్రం ఇంకో గోడకు మార్చేవారు. చివరికి ఓ పాత స్కూలు వ్యాను కొని, సీట్లు పీకించి, మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము అమర్చారు. కప్పు మీద సోలార్ పలకలు, మంచం కింద పెద్ద బ్యాటరీ.

"కరెంటు తీగతో పని లేకుండా కొన్నాళ్లు ఏటి ఒడ్డున ఉందాం" అన్నారు.

నాకు షుగరు. రోజూ ఇన్సులిన్ చేసుకోవాలి. వాడుతున్న ఇంజెక్షన్ పెన్ను బయట ఉన్నా ఫరవాలేదు గాని, మిగిలినవి చల్లగా ఉండాలి. అందుకని బండిలో చిన్న ఫ్రిజ్ కూడా పెట్టారు. మేం పెట్టుకున్న గొడవలన్నీ ఆ ఫ్రిజ్ గురించే.

ఏటి మీద కాలువ పారే పి.గన్నవరం అక్విడెక్టు దాటి, రాజోలు వైపు ఏటిగట్టు మీద ఓ కొబ్బరితోట పక్కన బండి ఆపాం. తోట వాళ్లది పక్కనే పెంకుటిల్లు. భార్యాభర్తలిద్దరే ఉంటారు. అడగ్గానే "ఆయ్, ఉండండి, దానికేం భాగ్యం" అన్నారాయన. మొదటి పూట హాయిగా గడిచింది. చెట్ల నీడ, ఏటి గాలి. ఆ హాయి మధ్యాహ్నానికే అయిపోయింది. మా ఆయన బ్యాటరీ మీటరు చూసి లేచి, తాళాలు తీసుకుని, నేను అన్నం తింటూ ఉండగానే బండిని ఎండలోకి తోలేశారు.

"ఏవండీ, లోపల ఉడికిపోతున్నాను."

"నీడలో చార్జింగ్ ఎక్కదే. ఓ కొబ్బరాకు నీడ పడినా పలక పడుకుండిపోద్ది."

"ఈ వేడికి ఫ్రిజ్జు మరింత లాగేస్తోంది కదా?"

ఆయన మళ్లీ తాళాలు అందుకున్నారు. కాసేపటికి మళ్లీ నీడలోకి, మళ్లీ ఎండలోకి. నీడ జరిగినప్పుడల్లా మేమూ జరిగాం. గోదారి చూద్దామని వచ్చినదాన్ని, కప్పు మీద పడే నీడ చూస్తూ కూర్చున్నాను. ఆయన మీటరు చూడటం మానితే నేను వెళ్లి చూసేదాన్ని. ఆ జబ్బు నాకూ అంటుకుంది.

మర్నాడు మబ్బు పట్టింది. సముద్రంలో అల్పపీడనం అన్నారు. ఆయన ముందు ఫ్యాను ఆపేశారు, తర్వాత లైటు. నా ఫోను చార్జర్ కూడా పీకేశారు. ఇక ఆపడానికి ఫ్రిజ్జే మిగిలింది.

"ఇంజను నడిపితే చార్జింగ్ ఎక్కుతుందన్నారుగా. అలా అమలాపురం దాకా వెళ్లొద్దామండీ" అన్నాను.

"ఊరికే రోడ్డెక్కి తిరగడానికైతే ఈ పలకలన్నీ ఎందుకు పెట్టినట్టు?"

ఆయన పట్టుదల ఆయనది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మందు నాది, పంతం ఆయనది. ఇన్సులిన్ డబ్బా గుడ్డలో చుట్టుకుని గట్టు దిగి పెంకుటింటికి నడిచాను.

ఆ ఇల్లాలు గుమ్మంలోకీ వాకిట్లోకీ తిరుగుతోంది. చేతిలో ఫోను.

"కాస్త మీ ఫ్రిజ్జులో ఇవి పెడతారాండీ?" అనడిగాను.

"అయ్యో అక్కగారండీ, పొద్దుటి గాలికి తీగ మీద కొబ్బరిమట్ట పడిందండీ. ఊరంతా కరెంటు పోయింది. నా ఫోనూ చచ్చింది. మా అమ్మాయి కువైట్ నించి ఇయ్యాలే చేస్తానందండీ. వాళ్లింటి పని తెమిలినప్పుడే దానికి ఫోను ఇస్తారు. నేను ఎత్తకపోతే మళ్లీ వారమేనండీ."

పెళ్లయిన కూతురట. ఇళ్లలో పనికి వెళ్లి ఏడాది దాటిందట. గొంతు వినకపోతే అన్నం దిగదంది. ఆవిడ కళ్లలోకి చూడలేక డబ్బా చంకలో పెట్టుకుని, "రండి" అన్నాను.

మా ఆయన బండి గుమ్మంలోనే ఉన్నారు. సంగతి విని మీటరు వైపు చూశారు, నా చంకలోని డబ్బా వైపు చూశారు. ఫోనుకు పట్టేది ఏపాటి? అయినా ఆ రోజు ఏ కాస్తయినా ఆయనకు పెద్దదే. వద్దంటే ఏం చేసేదాన్నో తెలియదు.

"ఏ ఇంట్లో చేస్తోందండీ మీ అమ్మాయి? ఏ ఏరియా?" అనడిగారు.

ఆవిడ ఆ ఏరియా పేరు పలకలేక తడబడితే, ఆయనే రెండు మూడు చెప్పారు. ఒకటి సరిపోయింది. "ఆ వీధిలో నేను వైరింగు చేశానండీ" అన్నారు. ఆ మాట అంటూనే ఫోను తీసుకుని తీగ తగిలించారు. తర్వాత బండి తాళాలు అందుకున్నారు.

"ఎక్కండి. బండి నడుస్తూ ఉంటే ఫోనూ నిండుద్ది, ఫ్రిజ్జూ ఆగదు. మీ ఆయనగారిని కూడా రమ్మనండి."

ఆ తోటాయన తువ్వాలు భుజాన వేసుకుని పరుగున వచ్చారు. నలుగురం బయలుదేరాం. పని లేదు, చేరవలసిన ఊరూ లేదు. వాన మొదలైంది. అక్విడెక్టు దాటుతుండగా ఫోను మోగింది. ఆవిడ మంచం అంచున కూర్చుని, తీగ ఊడిపోతుందేమోనని రెండు చేతులతో ఫోను పట్టుకుంది.

"ఎలాగున్నావే? తిన్నావా? ఆయ్, ఆయ్... మేం బండిలో ఉన్నామే. ఎక్కడికా? ఏమో, తెలీదు!"

అంబాజీపేట దాటినా ఆ మాటలు తెగలేదు. మా ఆయన బండి నెమ్మదిగా నడిపారు. అద్దంలోంచి ఆవిడను చూస్తున్నారు. ఆయనా అక్కడ ఎన్నోసార్లు అలా ఫోను పట్టుకుని నిలబడి ఉంటారు. అవతల ఎన్నోసార్లు నేను ఎత్తి ఉండను. ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

అమలాపురం చేరేసరికి ఫోను పెట్టేసి, "నవ్విందండీ" అంది ఆవిడ, మా అందరితో.

మా వీధి మలుపు వచ్చింది. ఇంట్లో కరెంటు ఉండి ఉంటుంది. డబ్బా తీసుకెళ్లి పెద్ద ఫ్రిజ్‌లో పెట్టేద్దామని నేను అనబోయాను. ఆయన మీటరు చూడకుండానే మలుపు దాటించేశారు.

"ముమ్మిడివరం దాకా వెళ్లి తిరిగొద్దామా?" అన్నారు.

"వెళ్దామండీ" అన్నాం వెనకున్న ముగ్గురం.