మంచులో అత్తయ్య కేక

ఆ రోజుల్లో నాకు పశువుల డాక్టరు ఉద్యోగం కొత్త, గోదావరంటే భయం మాత్రం పాతది. నాకు ముందు ఆ ఆసుపత్రిలో పనిచేసింది మా మేనత్తే. మెడలోతు వరదలో మందులపెట్టె నెత్తిన పెట్టుకుని లంకలకు వెళ్ళిన మనిషి. (పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఈతొచ్చిన సంబంధం ఒక్కటీ రాలేదండీ" అనేది.) అలాంటి మనిషి ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ గుండెపోటుతో పోయింది. ఆ ఖాళీలో నన్ను వేశారు. "డాక్టరమ్మ గారి మేనకోడలా అండీ!" అని సంబరపడ్డ జనం, నేను పడవెక్కే తీరు చూసి నీరుగారిపోయేవారు.

ధనుర్మాసంలో ఓ పొద్దున్నే లంక నుంచి ఫోను. "గేదె ఈనలేకపోతోందండీ, దూడ అడ్డం తిరిగినట్టుందండీ." వెళ్ళకపోతే తల్లీ దక్కదు, దూడా దక్కదు. రేవుకొస్తే గోదావరే కనపడలేదు, అంత మంచు. నేను బాబాయ్ అని పిలిచే పడవాయన మాత్రం నిమ్మళంగా ఇంజను తిప్పాడు. సగం దూరం పోయాక ఆపేశాడు.

"ఎందుకాపారు బాబాయ్?"

"వినాలి కదండీ."

"ఏం వినాలి?"

బాబాయి మంచువైపు చెవి పెట్టాడు. నీళ్ళ చప్పుడు కూడా లేదు. నా చెయ్యి నాకే సరిగ్గా కనపడటం లేదు. అంతలో ఆ తెల్లదనంలోంచి ఒక కేక.

"ఒరేయ్ సన్నాసీ! అటెక్కడికిరా? ఎడమకి తిప్పు! గేదె నీకోసం ఆగుతుందా?"

మా అత్తయ్య గొంతు. చివర్న ఆవిడ పొడిదగ్గుతో సహా! పన్నెండో రోజు భోజనాల్లో ఈ చేతులతోనే గారెలు వడ్డించానే! నా పైప్రాణాలు పైనే పోయాయి. అది చాలదన్నట్టు బాబాయి తలపాగా తీసి, "వస్తన్నామండీ! తిప్పేశానండీ!" అని మంచుకి జవాబిచ్చాడు. ఆంజనేయస్వామిని తలుచుకుందామంటే స్తోత్రంలో ఒక్క ముక్క గుర్తురాలేదు. దగ్గరపడేకొద్దీ అదే కేక, అదే దగ్గు, మళ్ళీ మళ్ళీ. ఒడ్డున దిగి చూస్తే మనిషన్నవాడు లేడు. గొంతు పైనుంచి వస్తోంది.

రామాలయం మీద మైకులోంచి!

"మంచు రోజుల్లో పడవకి దారి తెలవాలని పాటలేసేవోళ్ళమండీ," అన్నాడు ఎదురొచ్చిన గేదె ఆసామి. "అన్ని లంకల్లోనూ అవే పాటలండీ, ఓసారి పడవ పక్క లంకకి పోయిందండీ. డాక్టరమ్మ గారి తిట్టయితే ఒక్క మనకే ఉందండీ." ఎప్పుడో పడవ దారి తప్పి ఆలస్యమైన రోజు బాబాయి ఫోనుకి ఒడ్డునుంచి ఆవిడ పంపిన వాయిస్ మెసేజి అది; బాబాయే వీళ్ళకి ఇచ్చాడట.

"మరి మీరు జవాబెందుకిచ్చారు బాబాయ్?" అన్నాను కోపంగా.

"ఆవిడ పిలిస్తే పలక్కుండా ఎలా ఉంటామండీ?"

పాకలో భుజం దాకా చెయ్యి పెట్టి దూడ కాళ్ళ కోసం వెతుకుతున్నాను. దొరకటం లేదు. మైకు ఆపడం ఎవరికీ తోచలేదు. "గేదె నీకోసం ఆగుతుందా?" అంది అత్తయ్య. ఆగదు అత్తయ్యా అనుకుని, పళ్ళు బిగించి దూడని సర్ది లాగాను. బతికింది. తల్లి దాన్ని నాకుతుంటే నేను గడ్డిమోపు మీద కూలబడి భోరున ఏడ్చాను.

ఆ మెసేజి నాకూ పంపిస్తానన్నాడు బాబాయి. వద్దన్నాను. ఇన్నేళ్ళయినా నాకు ఈత రాలేదు, పడవంటే భయమూ పోలేదు. కానీ మంచు పడిన రోజున ఆ లంకలో ఏ దూడ తుమ్మినా నేనే స్వయంగా బయల్దేరతాను. ఇంజను ఆగాక, బాబాయి తలపాగా తీసేలోపే నేను అరుస్తాను: "వస్తున్నా అత్తయ్యా!"