పడవ అడుగున అద్దం

నీటిని ఉండవలసిన చోట ఉంచిన దేవునికి స్తోత్రం. దాన్ని పడవలోకి పిలిచింది మా మేనమామ.

సిరిసిల్ల దగ్గర డ్యాంలో మునిగిన ఊళ్లో మా అమ్మమ్మ సమాధి ఉంది; ఆమెను మామ 'అవ్వ' అనేవాడు. దాన్ని చూడాలని తన చేపల పడవ అడుగు కోసి, ప్లాస్టిక్ అద్దం బిగించి, సిలికాన్ పూశాడు. మేం డ్యాం మధ్యకు వెళ్లేసరికి నీళ్లు ఊరాయి.

"నోవహు ఓడకు లోపల, బయట కీలు, అదే తారు, పూసిండు. నువ్వు లోపలనే పూస్తివి. బైబిలు సగమే సదివినవా?" అంది అత్త, గిన్నెతో నీళ్లు తోడుతూ.

"విశ్వాసముంటే చాలు" అన్నాడు మామ. అన్నిటికీ ఆయన జవాబు అదే.

ఆ నీళ్లలోనే బోర్లా పడుకుని అద్దానికి ముఖం ఆనించాడు. నాకు బురద తప్ప ఏమీ కనిపించలేదు.

"అగో, మా అవ్వ!" అన్నాడు.

అత్త నీళ్లు తోడుతూనే ఉంది.

ప్రియులారా, నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆ నీళ్లను తేటపరచు, ఆ సమాధిని ఆయనకు నిజంగా చూపించు.