చియా కొట్టు ముందు సెంగ్ పో తిట్లు

మా సెంగ్ పోకి ఒకటే జబ్బు. చియా అన్న కొట్లో రొయ్యల నూడుల్స్ రోజూ తింటాడు, రోజూ ఆ కొట్టునే తిడతాడు. అదీ కొత్తవాళ్లకి వినబడేలా.

మేమిద్దరం మలేషియాలోని పినాంగ్ రేవులో మూటలు మోస్తాం. పొద్దున్నే భుజాన తువ్వాలు వేసుకుని చియా కొట్టుకి పోతాం. రొయ్య తలకాయలు వేయించి మరిగించిన ఎర్రటి పులుసు వాసన సందు మొదట్లోనే తగులుతుంది. నా కాళ్లు వాటంతటవే నడుస్తాయి. సెంగ్ పో మాత్రం వరసలో కొత్త మొహం కనబడితే చాలు, ఆగిపోతాడు.

"ఎక్కణ్ణించమ్మా? ఈపో నుంచా? దీనికోసం అంతదూరం వచ్చారా! అయ్యో పాపం."

"బాగుండదా అంకుల్?"

"చెప్పులు ఉడకబెట్టిన నీళ్లమ్మా. ఆ మూల మీద కొట్లో రొట్టెలు తినండి, ప్రాణానికి హాయి."

"మరి మీరు తింటున్నారుగా?"

"నా నాలిక చచ్చి చాన్నాళ్లయింది."

ఆ మాట అనేసి లోపలికెళ్లి, మిరప ముద్ద కలుపుకుని, రొయ్య తోకలు కూడా నమిలేసి, గిన్నె ఎత్తి అడుగు చుక్క దాకా జుర్రేవాడు. ఆ చప్పుడికి పక్క కొట్లో పిల్లి లేచి కూర్చునేది.

చియా అన్న నోట్లో నాలిక లేని మనిషి. వరసలో ఎవరు నిలబడ్డా 'లేదు' అనలేడు. పులుసు అయిపోతే ఇంకో కుండ ఎక్కిస్తాడు.

ఒకసారి పెళ్లివాళ్లు దిగారు. సెంగ్ పో మాటలు విని పెళ్లికూతురితో సహా అందరూ రొట్టెల కొట్టుకి వెళ్లిపోయారు. చియా గరిటె పట్టుకుని బయటికొచ్చాడు.

"సెంగ్ పో! ఇంకొక్క మాట అన్నావంటే నా కొట్లో నీకు గిన్నె లేదు."

సెంగ్ పో మొహం మాడిపోయింది. ఆ నూడుల్స్ పడకపోతే వాడు మొదటి మూటకే కూలబడతాడు.

"నోరు మూసుకోరా," అన్నాను.

"మూసుకుంటాలే."

మర్నాడు కౌలాలంపూర్ నుంచి బస్సెడు జనం వచ్చారు. సెంగ్ పో తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. చియా వైపు ఒకసారి చూశాడు. తువ్వాలు తీసేశాడు.

"ఇవాళ పులుసులో బల్లి పడిందండీ!"

బస్సు కదిలింది. చియా గరిటెతో వీధి చూపించాడు. సెంగ్ పో వెళ్లిపోయాడు.

ఆ తర్వాత గోదాములో ఎండు బిస్కెట్లు కొరుక్కుంటూ కూర్చునేవాడు.

"ఎందుకురా నీకీ ఖర్మ?" అన్నాను.

"గరిటె ఏ చేత్తో పడుతున్నాడో చూశావా ఎప్పుడైనా? వరస పెరిగితే భుజం పట్టేసి ఎడంచేతికి మారుస్తాడు. ఇంటికెళ్లాక చొక్కా కూడా వాళ్లావిడే విప్పాలి. వచ్చినవాళ్లని పొమ్మని వాడి నోటితో అనలేడు. నా నోరు ఖాళీగానే ఉందిగా."

"ఆ ముక్క వాడికే చెప్పొచ్చుగా?"

"చెబితే చెయ్యి బాగానే ఉందని చూపించడానికి ఇంకో కుండ ఎక్కిస్తాడు."

నేను ఊరుకోలేక వెళ్లి చియా భార్య చెవిన వేశాను. రొయ్యలు వలుస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది. వరస వీధి దాటి ఉంది, చియా గరిటె ఎడంచేతిలో ఉంది. ఆవిడ మొగుడి దగ్గరకెళ్లి ఏదో గొణిగింది. ఆయన గరిటె కుండకి ఆనించాడు.

"పిలువు వాణ్ణి," అన్నాడు నాతో.

సెంగ్ పో వచ్చి తలొంచుకుని నిలబడ్డాడు. చియా వాడి ముందు పొగలు కక్కే గిన్నె పెట్టాడు.

"తిట్టుకో. కానీ బల్లి మాత్రం వద్దు. మా ఆవిడ రెండు రోజులు కుండ తోమింది."

"సరే అన్నా. ఉప్పెక్కువంటాను."

"ఉప్పు సరిగ్గానే వేశాను!"

"నాకు తెలీదా? ఆ సంగతి వాళ్లకెందుకు చెబుతాను!"