డాక్టరమ్మ ఉప్పునీళ్ళ సీసాలు

డాక్టర్ ఎర్మిందా ఒయార్సున్‌కి ఎదురుపడిన ప్రతి మనిషి చేతిలోనూ ఖాళీ సీసా పెట్టడం అలవాటు. "మీ రేవు నీళ్ళు పట్టుకురా" అనేది. చిలీ దేశంలోని మా చిలోయే దీవిలో పెళ్ళికూతురికి కూడా ఇచ్చింది. నా పెళ్ళే అది. ఆవిడ పరిశోధన పడవ నడిపేది నేనే కాబట్టి మా ఆవిడ నోరు మూసుకుని తీసుకుంది. ఇంటికొచ్చాక నా మీద తెరిచింది.

కంటికి ఆనని సముద్రపు మొక్కల మీద డాక్టరమ్మ ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. వాటిని "మా పిల్లలు" అనేది. దక్షిణపు గాలి వీచి, అడుగునున్న చల్లటి నీళ్ళు సారాన్ని పైకి మోసుకొస్తే, "అర్తెమియో, ఇవాళ పిల్లలకి విందురా!" అని పడవలో చప్పట్లు కొట్టేది.

"మా చేపల సంగతి అడగవేం డాక్టరమ్మా?"

"పిల్లలు తింటే చేపలు తింటాయి, చేపలు తింటే నువ్వు తింటావు. వరసలో ఆఖరివాడివి, నీకేం తొందర?"

అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నది సెలెదోనియో తాత. భార్య పోయాక వేట మానేసి తలుపేసుకున్న మనిషి. అయినా ప్రతి గురువారం ఆయన సీసా రావాల్సిందే.

"ఆలస్యం చేశావు తాతా! లెక్కంతా తప్పింది."

"సముద్రం ఎక్కడికి పారిపోతుందే తల్లీ?" అని గొణిగి, ఆవిడిచ్చిన టీ తాగి, పొద్దువాలేదాకా పోట్లాడి వెళ్ళేవాడు.

ఒక వేసవిలో దీవికి పడమట సముద్రం ఎర్రబడింది. ఆ కంటికి ఆనని మొక్కల్లోనే విషపు రకం పెరిగింది. అక్కడి ఆల్చిప్పలు తింటే ప్రాణాలకే ముప్పు. రాజధాని నుంచి ఒక అధికారి వచ్చి, దీవి మొత్తం మీద ఆల్చిప్పలు తియ్యకూడదన్నాడు. మా తూర్పు రేవుల్లో నూట ఇరవై కుటుంబాల పొయ్యి వెలిగేది వాటితోనే.

ఊరంతా హాల్లో పోగయింది.

"తూర్పున విషం లేదని ఆధారమేది?" అన్నాడు అధికారి.

డాక్టరమ్మ పదకొండేళ్ళ పుస్తకాలు బల్ల మీద ధనామని పడేసింది. "వారం వారం, ప్రతి రేవూ. ఏ మొక్క ఎంతుందో చదువుకోండి."

"ఇన్ని నీళ్ళు ఎవరు పట్టారు?"

"ఇదిగో, వీళ్ళంతా."

మా ఆవిడ లేచి నిలబడింది. "నేను పెళ్ళిబట్టల్లో పట్టాను సార్!"

అధికారికి కూడా నవ్వాగలేదు. డాక్టరమ్మ చూపించిన తొమ్మిది రేవుల ఆల్చిప్పల్నీ పరీక్షకి పంపాడు. అయిదో రోజుకి తొమ్మిదీ మంచివని తేలింది. పడవలన్నీ ఒక్కసారి బయల్దేరాయి. ఆవిణ్ణి భుజాల మీద ఎత్తుకుని రేవంతా తిప్పాం. "దించండ్రా! నన్ను చూస్తే పిల్లలు నవ్విపోతారు!" అని అరుస్తూనే ఉంది.

ఆ గురువారం తాత టీ తాగి గడప దాటి వెళ్ళగానే, డాక్టరమ్మ ఆయన సీసాని కిటికీలోంచి సముద్రంలో ఒంపెయ్యడం చూశాను.

"అదేంటి డాక్టరమ్మా!"

"తాత రేవు నీళ్ళు ప్రతి సోమవారం మన పడవలోనే తెస్తున్నాంగా."

"మరి ఇన్నేళ్ళూ పాపం ఆయన్ని..."

"ఇంట్లో కూర్చుంటే ముసలాయన ఎండిపోడూ? ఎక్కడైనా నోరు జారావో, పడవలోంచి తోసేస్తా."

నేను జారలేదు. పై గురువారం తాతని ఇంటికి దిగబెడుతుంటే ఆయనే జారాడు.

"నా నీళ్ళు పారబోస్తుందిరా. ఎప్పుడో చూశాను."

"మరెందుకు తెస్తున్నావు?"

"పాపం, ఒంటరి మనిషిరా. వారానికోసారైనా ఎవరో ఒకరు వెళ్ళి పోట్లాడకపోతే ఆవిడకేం తోస్తుంది?"